గింజకు గంట, ఆకుకు అరనిమిషం

రాత్రంతా నానిన జొన్నలు మామూలు గిన్నెలో అరగంట ఉడికాక కూడా పంటి కింద పలుకు తగులుతూనే ఉంటాయి. పాలకూర సంగతి వేరు. మూకుట్లో పడీ పడకముందే నీరుగారిపోతుంది. రెండు కట్టలు తరిగి వేస్తే, గరిటె తిరగేసేలోపు గుప్పెడు మిగులుతుంది. పొయ్యి ఒకటే, మంట ఒకటే. మరి ఒకదానికి గంట, ఇంకోదానికి అరనిమిషం ఎందుకు?

వంట చేసే ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే అనుమానమే ఇది. జవాబు వెతుక్కుంటూనే ఒక వంటకం కూడా చేద్దాం. ఉడికిన జొన్నల వేడి తగ్గకముందే వాటిలో తరిగిన పాలకూర కలిపి, పోపు పెట్టి, నిమ్మకాయ పిండుకుని గోరువెచ్చగా తినాలి. హోటళ్ళ మెనూ కార్డుల్లో ఇలాంటిదాన్ని వార్మ్ గ్రెయిన్ సలాడ్ అంటున్నారు. పేరు మనకి కొత్త, పని పాతదే. గింజలు నానబెట్టి, ఉడకబెట్టి, వార్చి, పోపు వేస్తే గుగ్గిళ్ళు. ఆకు కలపడం ఒక్కటే ఇక్కడ అదనం. అందుకని నేను దీన్ని ఆకు గుగ్గిళ్ళు అంటాను. మీకు ఆ పేరు నచ్చకపోతే సలాడ్ అనే అనుకోండి, రసాయనశాస్త్రానికి పేరుతో పని లేదు.

వేడి ముందు, నీళ్ళు వెనక

గింజ ఉడకడానికి గంట పడుతోందంటే, లోపలికి వేడి ఎక్కడానికే అంత సేపు పడుతోందని అనుకుంటాం. నిజానికి జొన్నగింజ అడ్డకొలత నాలుగు మిల్లీమీటర్ల చిల్లర. మరిగే నీళ్ళలో వేస్తే నిమిషం తిరక్కుండానే దాని నడిమధ్య కూడా వేడెక్కిపోతుంది. ఆలస్యమంతా నీళ్ళది.

ఊళ్ళో జాతర జరుగుతోందనుకోండి. గుడి దగ్గర మైకులో పాట పెట్టగానే ఊరంతటికీ క్షణంలో వినిపిస్తుంది. ఆ పాట విని బయల్దేరిన జనం మాత్రం ఇరుకు సందుల్లోంచి ఒకరినొకరు తోసుకుంటూ రావాలి. గింజలోకి వేడి మైకు పాటలా వెళ్తుంది, నీళ్ళు జనంలా వెళ్తాయి. పైన గట్టి పొట్టు, దాని కింద గాజులా బిగుసుకున్న పొర, ఆ లోపల మెత్తటి పిండి. ఈ సందులన్నీ దాటి నీళ్ళు నడిమికి చేరడానికి గంటలు పడుతుంది.

నీళ్ళు చేరితే ఏమవుతుంది? నేత చీరకి గంజి పెట్టేవాళ్ళకి తెలుసు. పిండిని చన్నీళ్ళలో కలిపితే కాసేపటికి అడుగున పేరుకుంటుంది. అదే నీళ్ళని పొయ్యి మీద పెట్టి కలుపుతూ ఉంటే చాలాసేపు పల్చగానే ఉండి, ఉన్నట్టుండి చిక్కబడుతుంది. పిండిలోని ఒక్కో రేణువూ బిగించి చుట్టిన నూలు ఉండ లాంటిది. చన్నీళ్ళు ఆ చుట్టల మధ్యకి అంతగా దూరలేవు. ఒక స్థాయి వేడి తగిలాక ఉండ సడలుతుంది, నీళ్ళు లోపలికి పోతాయి, రేణువు ఉబ్బి జిగురెక్కుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని జెలటినైజేషన్ అంటారు, మనం జిగురెక్కడం అందాం. కళ్ళారా చూడాలంటే సగ్గుబియ్యం ఉడికించండి. సుద్దముక్కల్లా ఉన్న తెల్లటి పూసలు అంచుల నుంచి నడిమికి అద్దంలా తేటపడతాయి. నడుమ ఇంకా తెల్లచుక్క ఉందంటే అక్కడికి నీళ్ళు అందలేదని అర్థం.

జొన్నపిండి జిగురెక్కడానికి 70 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడి చాలు. మన నీళ్ళు 100 దగ్గర మరుగుతున్నాయి. సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకు పైన ఉన్న హైదరాబాదులో అయితే 98 దగ్గరే మరుగుతాయి, అదైనా ఎక్కువే. వేడి ఎప్పుడో సరిపోయింది, గింజ కూర్చుని నీళ్ళ కోసం ఎదురుచూస్తోంది. నానబెట్టడం అంటే జాతర జనాన్ని ముందురోజు రాత్రే గుడి దగ్గరికి చేర్చడం. జొన్నలు ఎనిమిది నుంచి పది గంటలు నానాలి. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు, అంటే సుమారు 200 గ్రాముల జొన్నలు నానబోస్తే పొద్దుటికి సిద్ధం.

కుక్కరు ఇంకో రకంగా సాయం చేస్తుంది. ఆవిరిని బయటికి పోనీకుండా బిగబట్టడం వల్ల లోపలి వేడి 120 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. ఆ వేడికి పొట్టు మెత్తబడి నీళ్ళకి దారిస్తుంది. అయితే విజిల్స్ లెక్కపెట్టడం మీద నాకు నమ్మకం లేదు. మంట పెద్దదైతే ఐదు నిమిషాల్లో ఆరు విజిల్స్ వస్తాయి, చిన్నదైతే అరగంటకి రెండు. గింజకి కావాల్సింది కాలం, కూతల సంఖ్య కాదు. నానిన జొన్నలకి మూడింతల నీళ్ళు పోసి, మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి, ఇరవై ఇరవై ఐదు నిమిషాలు ఉంచండి. ఆవిరి దానంతట అది పోయాక ఒక గింజ తీసి నొక్కి చూడండి. వేళ్ళ మధ్య నలగాలి, అలాగని ముద్ద కాకూడదు.

ముద్ద కాకపోవడం జొన్నల గొప్పగుణం. పాలిష్ పట్టిన బియ్యానికి పొట్టు లేదు కాబట్టి ఉబ్బిన పిండి బయటికి జారి గంజి అవుతుంది. జొన్నకి చొక్కా ఉంది. పొట్టుతో పాటు, పిండిరేణువుల చుట్టూ మాంసకృత్తులు వలలా అల్లుకుని ఉంటాయి. అందుకే గుగ్గిళ్ళు ఏ గింజకా గింజ విడిపోతాయి. కానీ ఈ వలకి గోధుమపిండిలో మాదిరి సాగే గుణం లేదు. జొన్నరొట్టె చేసేవాళ్ళు పిండిని మరిగే నీళ్ళతో కలపడానికి కారణం ఇదే. సాగే పదార్థం లేదు కాబట్టి, వేడినీళ్ళతో కొంత పిండిని జిగురెక్కించి దానితోనే మిగతాదాన్ని పట్టి ఉంచుతారు. అదే చొక్కా పొడివేడిలో ఇంకో తమాషా చేస్తుంది. లోపలి కాస్త తేమా ఆవిరై, బయటికి దారి లేక, ఒత్తిడి పెరిగి గింజ ఫట్టున పగులుతుంది. తొలి ఏకాదశికి తినే పేలపిండి ఆ పగిలిన జొన్నలదే.

జొన్నల్ని ఆకాశానికెత్తే ప్రచారం ఈ మధ్య బాగా పెరిగింది కాబట్టి ఒక మాట చెప్పాలి. నీళ్ళలో ఉడికేటప్పుడు ఆ మాంసకృత్తుల వల ముడులు పడి ఇంకా బిగుసుకుంటుంది. దాంతో అవి అరగడం కొంత తగ్గుతుంది. పైగా జొన్నలో లైసిన్ అనే అవసరమైన అంశం తక్కువ. పప్పుధాన్యాల్లో అది బాగా ఉంటుంది. అందుకని జొన్నల గ్లాసుకి గుప్పెడు శనగలో అలసందలో జోడించి నానబెట్టండి. రుచికీ మంచిదే.

ఆకు నిలబడేది నీళ్ళ బిగువుతోనే

ఇక పాలకూర. దీని బరువులో తొంభై పాళ్ళకు పైగా నీళ్ళే. గింజ నీళ్ళ కోసం ఎదురుచూసేది, ఆకు నీళ్ళతో నిండి ఉన్నది. ఆ నీళ్ళే ఆకుకి నిటారుతనం ఇస్తాయి. ఒక్కో కణమూ గాలి నింపిన సైకిల్ ట్యూబు లాంటిది, గాలి బదులు నీళ్ళు ఉన్నాయంతే. కణం చుట్టూ ఉన్న పల్చటి పొర ఆ నీళ్ళని లోపలే పట్టి ఉంచుతుంది.

సాయంత్రం బజారులో ఆకుకూరలు వాడి తలలు వాల్చేస్తాయి. అమ్మే ఆవిడ చెంబుతో నీళ్ళు చిలకరించగానే మళ్ళీ లేచి కూర్చుంటాయి. ట్యూబులో గాలి తగ్గింది, మళ్ళీ కొట్టారు. మూకుట్లో వాడిన ఆకుకి ఎన్ని నీళ్ళు చల్లినా లేవదు, ఎందుకంటే అక్కడ ట్యూబే పగిలింది. ఆకు 60 డిగ్రీల దాకా వేడెక్కితే కణాల పొర చెడిపోతుంది, నీళ్ళు బయటికి కారతాయి, కణాల మధ్య ఉన్న గాలి కూడా పోతుంది. కట్ట గుప్పెడయ్యేది అందుకే. ఆకు పల్చన కాబట్టి ఆ వేడి ఎక్కడానికి క్షణాలు చాలు, బయటినుంచి నీళ్ళు రావాల్సిన అవసరమూ లేదు. మొదట అడిగిన ప్రశ్నకి సగం జవాబు గింజలో ఉంటే, మిగతా సగం ఇదే.

అయితే ఆకుని పొయ్యి మీద పెట్టాల్సిన అవసరమే లేదు. గింజల్లో ఉన్న వేడే సరిపోతుంది. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్న లెక్కే ఇక్కడ పనికొస్తుంది. 200 గ్రాముల జొన్నలు ఉడికి నీళ్ళు పీల్చుకుంటే 450 గ్రాముల దాకా తూగుతాయి. అందులో మూడో వంతు, అంటే 150 గ్రాముల ఆకు తీసుకోండి. వార్చిన వెంటనే గింజలు 95 డిగ్రీల దగ్గర ఉంటాయి, ఆకు గది వేడిమిలో 30 దగ్గర ఉంటుంది. రెండూ కలిస్తే 70కి కాస్త పైన కుదురుకుంటాయి. ఆకు వాడుతుంది, అంతకు మించి ఉడకదు. గింజలు 60కి చల్లారాక కలిపితే మొత్తం 50 దగ్గర ఆగిపోయి, ఆకు పచ్చీ కాదు ఉడికిందీ కాదు అన్నట్టు మిగులుతుంది. ఆకు మరీ ఎక్కువ వేసినా అంతే. కాబట్టి ఆకు ముందే తరిగి, నీళ్ళు బాగా వడకట్టి సిద్ధంగా ఉంచుకోవాలి. గింజలు వార్చి, మూత తీసి నిమిషం ఆవిరి పోనిచ్చి, పైతడి ఆరగానే ఆకు వేసి తిరగేసి మూత పెట్టేయాలి. ఒక నిమిషం చాలు. కాడలు మాత్రం మొండివి, వాటిని సన్నగా తరిగి పోపులో వేయించడం మేలు.

కడగడం గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. ఈ పద్ధతిలో ఆకు పూర్తిగా ఉడకదు కాబట్టి సూక్ష్మజీవులు చావడానికి మంట సాయం తక్కువ. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి ఆకు ముంచి ఆడించి, ఆకుని పైకి తీయాలి. గిన్నెని వంచి నీళ్ళు పారబోస్తే అడుగున దిగిన ఇసుక మళ్ళీ ఆకు మీదికే చేరుతుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇలా చేయండి. వానాకాలంలోనూ, ఇంట్లో గర్భిణులో జబ్బునపడి లేచినవాళ్ళో ఉన్నప్పుడూ ఆకుని అరనిమిషం మరిగే నీళ్ళలో ముంచి తీశాకే కలపండి.

గోంగూర ఎందుకు ఖాకీ అవుతుంది

మొదటిసారి ఈ వంటకం చేసినప్పుడు నేను నిమ్మకాయని గిన్నెలోనే పిండి మూత పెట్టాను. చుట్టాలు చేతులు కడుక్కుని వచ్చేసరికి పాలకూర పోలీసు నిక్కరు రంగుకి తిరిగింది. రుచి బాగానే ఉందని మొహమాటానికి అన్నారు గానీ, రెండోసారి ఎవరూ వడ్డించుకోలేదు.

ఆ రంగు మనకి కొత్తేమీ కాదు. గోంగూర మూకుట్లో వేశాక ఎంతసేపు పచ్చగా ఉంటుంది? రెండు నిమిషాలు ఉంటే గొప్ప. చుక్కకూరా అంతే. తోటకూర మాత్రం చాలాసేపు పచ్చదనం నిలుపుకుంటుంది. తేడా పులుపులో ఉంది.

ఆకుకి పచ్చరంగునిచ్చేది పత్రహరితం. బళ్ళో దీన్నే క్లోరోఫిల్ అని కూడా చదువుకున్నాం. దాని అణువు ఒక ఉంగరంలా ఉంటుంది, నడుమ రాయి పొదిగినట్టు ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. పత్రహరితం మీద చేసిన పరిశోధనకి జర్మనీ రసాయనశాస్త్రవేత్త రిచర్డ్ విల్‌స్టేటర్‌కి 1915లో నోబెల్ బహుమతి వచ్చింది. మన రక్తంలోని ఎర్రరంగు అణువులోనూ దాదాపు ఇలాంటి ఉంగరమే ఉంది, రాయి మాత్రం ఇనుము. ఆకు వేడెక్కి కణాల పొరలు చెడగానే, అంతదాకా విడిగా ఉన్న పులుపు పత్రహరితాన్ని తాకుతుంది. ఉంగరంలోంచి మెగ్నీషియం ఊడిపోతుంది. రాయి పోయిన ఉంగరం రంగే ఆ ఖాకీ. పాలకూరలో సొంత పులుపు తక్కువ కాబట్టి దానికి సమయం పడుతుంది, గోంగూరకి ఆ గడువు లేదు. నేను నిమ్మరసం పిండి, వేడిలో మూత పెట్టి, పాలకూరని గోంగూర చేశానన్నమాట.

వేడి తగిలిన తొలి క్షణాల్లో ఆకు ఇంతకు ముందుకన్నా మిలమిల పచ్చగా కనిపించడం మీరు చూసే ఉంటారు. అది కొత్తగా వచ్చిన రంగు కాదు. కణాల మధ్య గాలి ఆకు మీద సన్నటి మంచులా పనిచేస్తూ ఉంటుంది. ఆ గాలి పోయాక అసలు రంగు బయటపడుతుంది. ఆ పచ్చదనం ఉండగానే వడ్డించగలగాలి.

రంగు నిలవడానికి కొందరు వంటసోడా వేస్తారు. పులుపు విరిగి రంగు నిలుస్తుంది, నిజమే. దాంతో పాటు ఆకు జావగారిపోతుంది, సి విటమినూ, బి విటమిన్లలో కొన్నీ నశిస్తాయి. వద్దనే నా సలహా. ఇంకో పాత ప్రమాదం రాగి గిన్నెలది. కళాయి పోయిన గిన్నెలో పుల్లటి ఆకు వండితే, ఊడిన మెగ్నీషియం స్థానంలో రాగి వచ్చి కూర్చుంటుంది. రంగు చూడముచ్చటగా మెరుస్తుంది. ఆ మెరుపు కడుపులోకి పోయే రాగికి గుర్తు, దాన్ని తినకూడదు.

నిమ్మకాయ కంచంలోనే

పులుపు రంగు చెడగొడుతుందని మానేయాలా? మానేస్తే నష్టం మనదే. జొన్నల్లో ఇనుము 100 గ్రాములకి సుమారు 4 మిల్లీగ్రాములు, పాలకూరలో సుమారు 3. ఒకరు తినే పళ్ళెంలో 50 గ్రాముల జొన్నలు, 40 గ్రాముల ఆకు పడతాయనుకుంటే మొత్తం 3 మిల్లీగ్రాముల చిల్లరే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థతో కలిసి భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆడవాళ్ళకి రోజుకి 29, మగవాళ్ళకి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆకుకూర తింటే రక్తం పడుతుందనే మాట ఎంతవరకు నిజమో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. ఆ ఉన్నదాంట్లోనూ ఒంటికి పట్టేది కొద్ది భాగమే. గింజ పొట్టులోని ఫైటేట్ ఇనుముని గట్టిగా పట్టుకుంటుంది. నానబెడితే ఆ పట్టు కొంత సడలుతుంది. నిమ్మరసంలోని సి విటమిన్ ఇనుముని పేగు పీల్చుకోగల రూపంలోకి మార్చి కరిగి ఉండేలా చూస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే దానికి సరిగ్గా ఎదురు పని జరుగుతుంది, కనీసం గంట ఆగండి.

సి విటమిన్ వేడికి నిలవదు, రంగు పులుపుకి నిలవదు. రెండు ఇబ్బందులకీ పరిష్కారం ఒకటే. నిమ్మచెక్కని కంచం పక్కన పెట్టుకుని, గోరువెచ్చగా అయ్యాక తినేవాళ్ళే పిండుకోవాలి.

పాలకూరకి ఇనుము కన్నా గట్టి పేరు తేవాల్సిన పోషకం ఇంకొకటుంది, ఫోలిక్ ఆమ్లం. 1941లో అమెరికాలోని టెక్సస్‌లో పరిశోధకులు నాలుగు టన్నుల పాలకూరలోంచి దీన్ని రాబట్టారు. ఆకుని లాటిన్‌లో ఫోలియం అంటారు, పేరు అక్కణ్ణించే వచ్చింది. తర్వాత కొద్ది ఏళ్ళకే దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ అనే మందుల కంపెనీ బృందానికి నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరుణ్ణి పొట్టనబెట్టుకుని, ఆయన్నీ బాధించిన స్ప్రూ అనే విరేచనాల జబ్బుకి ఆ ఫోలిక్ ఆమ్లమే మందైంది. ఈ విటమిన్ నీళ్ళలో ఇట్టే కరుగుతుంది. ఆకుని ఎక్కువ నీళ్ళలో ఉడికించి వారిస్తే సగం దాకా గిన్నె వదిలి పోతుంది. గింజల వేడితో వాడ్చినప్పుడు పారబోసే నీళ్ళే లేవు కాబట్టి ఆ నష్టం తప్పుతుంది.

దీనికో మినహాయింపు ఉంది. పాలకూరలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. నీళ్ళలో ఉడికించి వారిస్తే అదీ కొంత పోతుంది, మన పద్ధతిలో పోదు. మూత్రపిండాల్లో రాళ్ళ బాధ ఉన్నవాళ్ళు పాలకూర బదులు మెంతికూర వాడుకోండి. దాని చేదు, గింజల తియ్యదనంలో కలిసిపోతుంది.

పోపు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆవాలు, ఎండుమిరప, వెల్లుల్లి, కరివేపాకు, చివర్న వేయించిన పల్లీలు. నూనె మాత్రం పూర్తిగా మానేయకండి. ఆకులోని కెరొటిన్ నూనెలోనే కరుగుతుంది, కాస్త నూనె లేనిదే అది ఒంటికి సరిగా అందదు.

చల్లారితే

గోరువెచ్చగానే ఎందుకు తినాలంటే, చల్లారినకొద్దీ గింజ మనసు మార్చుకుంటుంది. సడలిన నూలు ఉండలు మళ్ళీ చుట్టుకోవడం మొదలుపెడతాయి. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం రేపటికి గులకరాళ్ళయ్యేది ఇందుకే. గది వేడిమిలో కన్నా ఫ్రిజ్ చల్లదనంలో ఈ బిగుసుకోవడం వేగంగా జరుగుతుంది. మళ్ళీ ఆవిరి పట్టిస్తే చాలా చుట్టలు విడిపోయి గింజ మెత్తబడుతుంది. కొన్ని మాత్రం విడిపోవు. వాటిని మన పేగుల్లోని రసాలు జీర్ణం చేయలేవు, అవి పీచు లాగా కిందికి పోయి పెద్దపేగులోని బ్యాక్టీరియాకి ఆహారమవుతాయి. చక్కెర జబ్బువాళ్ళకి చల్లార్చి వేడిచేసిన అన్నం మంచిదని మీరు వినే ఉంటారు. ఆ మాట వెనకున్న విజ్ఞానం ఇదే. మేలు కొంత ఉంది, చెప్పుకునేంత మాత్రం లేదు.

బయట ఉంచితే వేరే సమస్య. ఉడికిన గింజల్లో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తులు వేడికి చావకుండా మిగిలి ఉండొచ్చు. గది వేడిమిలో గంటల తరబడి వదిలేస్తే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషాల్లో ఒకటి మళ్ళీ మరిగించినా పోదు. వేడిచేశాం కదా అని ధైర్యపడటానికి వీల్లేదు.

అందుకని మిగులుతుందని అనిపిస్తే, ఆకు కలపకముందే సగం గింజలు పక్కకి తీసి, పళ్ళెంలో పల్చగా పరిచి చల్లార్చి, రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు నాలుగు చెంచాల నీళ్ళు చల్లి, పొగలు కక్కేదాకా ఆవిరి పట్టించి, అప్పుడే కడిగి తరిగిన ఆకు కలుపుకోండి. ఈసారి పాలకూరే కానక్కర్లేదు, బజారులో ఏది లేతగా కనిపిస్తే అది తెచ్చుకోండి.